చిటికెడు బ్లీచింగ్

నా బెట్టా చేప ఉండే గాజుతొట్టికి కిటికీ ఎండ తగిలి గోడల నిండా పాచి పట్టింది. ఎండ పడకుండా అట్ట అడ్డం పెట్టి, రోజుకు కొంచెం గీకుతూ, మూడు రోజులకోసారి పావువంతు నీళ్లు మారుస్తున్నాను. పాచి తగ్గుతోంది కూడా.

ఈ సాయంత్రం పలాసలో పని ముగించుకుని ఇంటికొస్తే తొట్టి తళతళలాడుతోంది. చేప మాత్రం పైకి తేలి నోరు తెరుస్తోంది. అక్కుపల్లి నుంచి వచ్చిన మా ఆవిడ అన్నయ్య పక్కనే నవ్వుతూ నిలబడ్డాడు. ఆయన రొయ్యల చెరువుల్లో పనిచేస్తాడు.

“ఏటేసినావు బావా?”

“బ్లీచింగే. మా సెరువుకి బస్తాలకి బస్తాలేత్తాం, దీనికి సిటికెడేసినాను. నీళ్లు సూడు, అద్దంలాగున్నాయి!”

“అది పిల్లల్ని వదలకముందు కదా? రొయ్యపిల్లలున్న సెరువులో ఏత్తావేటి?”

“ఏలెడు సేపకి ఇంత గోలేటి బావా? పులుసుకైనా రాదు!”

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఈ రోజు వీధంతా వినేలా అరిచాను. డ్రమ్ములో నిలవున్న నీళ్లు గిన్నెలో పోసి చేపను అందులోకి మార్చాను. ఇంకా రొప్పుతూనే ఉంది. బావ అలిగి అన్నం వద్దన్నాడు. వెళ్లి బతిమాలమని మా ఆవిడ సైగ చేస్తోంది. చేప రెక్క ఆడించేదాకా నేను పిలవను. ఇందులో నా తప్పుంటే చెప్పండి.