పదిహేడో ఇంటి దగ్గర పోర్టబుల్

ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్క జాలరిపేటలో చేపలమ్ముతుంది. ఇరవై ఏళ్లు నెత్తిన తట్ట మోసి మెడ అరిగిపోయింది. ఇంకా బరువు మోస్తే చెయ్యి పడిపోతుందని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అప్పుడే చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీవాళ్లు సరుకు తాజాదనం చూసే ఆడమనిషి కావాలన్నారు. మొప్ప ఎత్తి చూసి ఏ పూట పట్టిన చేపో చెప్పగల మనిషి మా అక్క. కానీ వాళ్లకు ఇంగ్లిషు మాటలు రావాలట, వాటికి అర్థాలు చెప్పాలట. రొయ్యకు ఇంగ్లిషెందుకో ఆ కంపెనీవాళ్లకే తెలియాలి.

నేను పోర్టులో క్రేను నడుపుతాను. పాత పుస్తకాల కొట్లో ఒక పదాల పుస్తకం కొన్నాను. ఒకే అక్షరాల గుంపు ఉన్న మాటలన్నీ అందులో ఒకచోట ఉన్నాయి. ఎగుమతి కంపెనీ కదా, 'పోర్ట్' ఉన్న పేజీలోంచే అడుగుతారని తేల్చాను. ఇంపోర్ట్ అంటే దిగుమతి, సపోర్ట్ అంటే మద్దతు, డిపోర్ట్ అంటే దేశం నుంచి గెంటెయ్యడం. అలా ఇరవై రెండు మాటలు చదివి వినిపించాను.

రాసుకోవడం అక్కకు అలవాటు లేదు. ఏ ఇంటికి ఏ చేప కావాలో తిరిగే వరసలోనే ఆమె తలలో ఉంటుంది. ఈ మాటల్ని కూడా అలాగే ఇళ్లకు పంచింది. మేడ ఇంటికి ఇంపోర్ట్, నీలం గేటుకు ఎక్స్‌పోర్ట్, కుక్కున్న ఇంటికి డిపోర్ట్. వారం తిరిగేసరికి ఒక్కటి తప్పకుండా అప్పజెప్పింది. మధ్యలోంచి అడిగితే ఏమవుతుందో నాకు తట్టలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

పరీక్ష పెట్టినాయన ఏసీ గదిలో కూర్చున్నాడు. నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. ఆయన తిన్నగా 'పోర్టబుల్' అంటే ఏమిటన్నాడు. అది పదిహేడో ఇల్లు. అక్క కళ్లు దించి, పెదాలు కదుపుతూ మొదటి వీధిలోంచి బయల్దేరింది. వేళ్లు మడుస్తుంటే నేనూ లెక్కపెట్టాను, పదకొండో ఇల్లు దాటింది. ఆయన చిటికె వేశాడు.

"జపం చెయ్యకమ్మా. తెలీకపోతే తెలీదని చెప్పు."

ఆ చిటికెతో అక్క నడివీధిలో ఆగిపోయింది. మళ్లీ మొదటింటికి వెళ్లాలి. ఆయనకు అంత ఓపిక ఎక్కడిది, దరఖాస్తు మీద అడ్డగీత కొట్టేశాడు. పోర్టబుల్ అంటే మోసుకుపోవడానికి వీలైనదని ఆయనే చెప్పాడు, ఇరవై ఏళ్లు ఊరంతా మోసిన మనిషికి.

తర్వాత ఆ కాగితం దాచడానికి లేచాడు. బీరువాలో ఫైళ్లు ఇంగ్లిషు అక్షరాల వరసలో ఉన్నాయి. అక్క పేరు ఎక్కడ పెట్టాలో వెతుకుతూ ఏ, బీ, సీ, డీ అని గొణుక్కుంటూ వేలు జరుపుకుంటూ పోయాడు. మధ్యలో తడబడి మళ్లీ ఏ దగ్గర మొదలెట్టాడు. నేను నోరు తెరిచాను. అక్క వచ్చి నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

బస్టాపు దాకా నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు. అక్క మెడ మీద చెయ్యి వేసుకుని నడిచింది. బస్సు కనపడ్డాక అంది.

"ఆయన కూడా మొదటింటి కాడ్నించే ఎల్లాడ్రా. ఆయనకెవులూ సిటికెయ్యనేదు."

మర్నాడు పొద్దున తట్ట ఆమె నెత్తికెత్తింది నేనే.