హోమ్‌కి పెద్ద వాటా

మిరప చేలో నల్ల తామర పురుగు పడిన ఏడాది నుంచి నేను రోజూ ఆకులకు ఫొటోలు తీసి, ఏ సాలులో ఏం కనిపించిందో లాప్‌టాప్‌లో రాసుకుంటున్నాను. నా మూడెకరాలకు వైద్యురాలిని నేనే, రోగం ముదరబెట్టేదీ నేనే. కిందటేడు లాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని పర్చూరులో ఒక షాపుకిస్తే, అతను శుభ్రంగా తుడిచి చేతిలో పెట్టాడు. రెండు పంటల రాతలు పోయాయి.

"అన్నీ సీ డ్రైవులోనే పెట్టుకుంటే మేమేం చేస్తామండీ?" అన్నాడు.

ఇక ఎవరి చేతికీ ఇవ్వకూడదని, విండోస్ తీసేసి లినక్స్ నేనే ఎక్కించడానికి కూర్చున్నాను. సిస్టమ్ ఒక భాగంలో, నా రాతలు ఇంకో భాగంలో ఉంటే, ఒకటి చెడినా రెండోది మిగులుతుందని చదివాను. ఉన్నది రెండొందల నలభై జీబీల డిస్కు. దాన్ని ఎలా కొయ్యాలి?

మా వైపు పొలం పంచేటప్పుడు భాగాలు వేసేది పెద్దవాడు, ముందు కోరుకునేది చిన్నవాడు. అందుకే వేసేవాడు గట్టుని జానెడు కూడా అటూ ఇటూ కానివ్వడు. ఊళ్లో సగం పంపకాలు చేయించిన మా అన్నయ్య పక్కనే కూర్చుని, "సమానంగా వెయ్యవే, రేపు మాట రాకూడదు" అన్నాడు. నేనూ బుద్ధిగా తలూపాను. కంప్యూటర్‌ని లేపే బూట్‌కి అరవై, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి అరవై, సిస్టమ్ ఉండే రూట్‌కి అరవై, నా ఫైళ్లుండే హోమ్‌కి అరవై. బూట్‌కి ఒక్క జీబీ చాలునట. చెప్పులు విడిచే చోటుకి ఇంటితో సమానంగా వాటా రాసిచ్చిన మహాతల్లిని నేను!

పూత దశకే హోమ్ నిండిపోయింది. ఇంకొక్క ఫొటో పట్టదు. పక్కన స్వాప్ బీడు పడి ఉంది.

"ఈసారి హోమ్‌కి నూట తొంభై," అన్నాను.

"అదేం పంపకమే? రూట్ ఊరుకుంటుందా?"

"కోర్టుకెళ్లమను. ఇక్కడ కోరుకునే చిన్నవాడెవడూ లేడన్నయ్యా. చేను నాది, కంప్యూటర్ నాది."

ఫైళ్లన్నీ అన్నయ్య దగ్గరున్న విడి డిస్కులోకి దించి, కొత్త గట్లు వేసి, మళ్లీ నింపుకున్నాను. రూట్ అంటే వేరు కదా, దాన్ని వేరుగానే ఉంచాను. అన్నయ్య తన డిస్కు పట్టుకుపోయి, అంతా చెరిపేసి, కూతురి పెళ్లి వీడియోలు పెట్టుకున్నాడు.

రెండు వారాలకు, అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఏనాడో చచ్చిన లాప్‌టాప్. కరెంటు వచ్చింది గాని సిస్టమ్ లేవలేదు. నా రాతలు ఇప్పుడు ఆ లాప్‌టాప్ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

"బండి తీస్తాను, షాపుకి పద," అన్నాడు అన్నయ్య.

"దీన్ని ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాను. రూట్ ఎదురుగా, తుడిచెయ్యమనే ఫార్మాట్ గడిలో టిక్కు పెట్టాను. హోమ్ ఎదురుగా గడి ఖాళీగా వదిలేసి, ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాను. ఎక్కించమని నొక్కాను.

అరగంటకు తెర వెలిగింది. పాత పేరుతోనే లోపలికి వెళ్లాను. ఆకులన్నీ ఉన్నాయి, ముడతలతో సహా.

"మళ్లీ చెడితే?" అన్నాడు అన్నయ్య.

"మళ్లీ తుడిచి మళ్లీ పెడతాను. నువ్వు కాస్త జరుగు, పొద్దున తూర్పు సాళ్లలో చూసింది ఇంకా రాసుకోలేదు."