తలుపు దగ్గర ఆగిన కార్లు

ఈ ప్రపంచంలో సరిగ్గా మూసుకునే తలుపు ఒక్కటీ లేదని పెద్దాయన గట్టి నమ్మకం. కారు తలుపైనా, బీరువా తలుపైనా, బ్యాంకు మేనేజరు గది తలుపైనా ఆయనకి ఒకటే. ఎవరిచేతనైనా ఒకసారి వేయిస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త ఎడమ పక్కకి వంచి, కళ్లు మూసుకుని వింటాడు. విన్నాక "ఊహూఁ. మళ్లీ" అంటాడు.

ఒకసారి పన్ను నొప్పితో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు నోరు తెరవమన్నాడు. "ముందు నీ తలుపు సంగతి చూడు నాయనా" అని పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయి, ఆ గది తలుపు నాలుగుసార్లు వేయించాడు. నొప్పి ఈయనది, చెమటలు డాక్టరువి. విచిత్రమేమిటంటే ఆ డాక్టరే మర్నాడు వచ్చి కారుకి ఆర్డరిచ్చి వెళ్లాడు. ఇంత పిచ్చివాడు చేసిన కారు బాగుండక చస్తుందా అని ఆయన ధీమా.

ఇంట్లోనూ ఇదే భాగోతం. "ఫ్రిజ్ తలుపుకి ఇచ్చే మర్యాదలో సగం నాకిచ్చినా ఈపాటికి మహారాణిలా ఉండేదాన్ని" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, పెద్దాయన వృత్తి కార్లు చేయడం. మామూలు కార్లు కావు, పందెం కార్లలాంటివి. రెండే సీట్లు. మనిషి నడుము ఎత్తు కూడా ఉండవు. అందులోకి ఎక్కడం ఒక విద్య, దిగడం ఇంకో విద్య. పదకొండు మంది పనివాళ్లు రేకుని సుత్తులతో కొట్టి కొట్టి, వంపులు తిప్పి, ఏడాదికి పంతొమ్మిది కార్లు తయారుచేస్తారు. నలభై చేయగలరు. కానీ ప్రతి కారూ అన్ని పనులూ పూర్తి చేసుకుని, తళతళలాడుతూ వచ్చి, తలుపుల దగ్గర ఐదు వారాలు ఆగిపోతుంది.

ఆ కార్లని అమ్మిపెట్టే భారం అమ్మకాల మేనేజరుది. పాపం, అంతకుముందు అతను వాషింగ్ మెషీన్లు అమ్మేవాడు. అక్కడ పొద్దున బేరం కుదిరితే సాయంత్రానికి సరుకు కొన్నవాడింట్లో గిరగిరా తిరుగుతుండేది. ఇక్కడ చేరిన నాలుగేళ్లలో అతను కార్లు అమ్మినదాని కంటే కొన్నవాళ్లని బుజ్జగించిందే ఎక్కువ. పెద్దాయన ఫోను ముట్టుకోడు. "మనిషి ముఖం చూడకుండా మాట్లాడ్డం అమర్యాద" అని సిద్ధాంతం ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. కాబట్టి ఆ తిట్లన్నీ మేనేజరే తినాలి.

"నా కారు ఎంతవరకు వచ్చిందండీ?" అని పళ్ల డాక్టరు ఫోన్ చేస్తాడు.

"తలుపు దాకా వచ్చింది సార్."

"పోయిన నెల కూడా తలుపు దగ్గరే ఉందన్నారుగా?"

"అది కుడి తలుపు సార్. ఇప్పుడు ఎడమది."

ఆ తలుపుల పని చూసేది తలుపుల మేస్త్రి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే షెడ్డులో, అదే మూల ఉన్నాడు. ఆయన తలుపు బిగించి, నెమ్మదిగా వేసి చూపిస్తాడు. పెద్దాయన కళ్లు మూసుకుంటాడు. షెడ్డంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడుతుంది.

"ఊహూఁ."

మేస్త్రి మారు మాట్లాడడు. "అలాగేనయ్యా" అని కూర్చుని బందులు విప్పడం మొదలుపెడతాడు. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే తంతు. మేనేజరు పక్కన నిలబడి ఎంత చెవులు రిక్కించినా, ఆ తలుపు మొదటి రోజు ఎలా మూసుకుందో పదో రోజూ అలాగే మూసుకున్నట్టు అనిపించేది. బయటికి అనడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

ఇలా సాగిపోతుండగా ఒక ఉత్తరం వచ్చి కొంప ముంచింది. కారంతా వీళ్లే చేసుకున్నా, ఇంజన్లు మాత్రం బయట ఒక పెద్ద కంపెనీ దగ్గర కొంటారు. వచ్చే ఏడాది నుంచి యాభైకి తక్కువైతే ఆర్డరు తీసుకోబోమని ఆ కంపెనీ తెగేసి చెప్పింది.

"ఏడాదికి పంతొమ్మిది కార్లు చేసేవాళ్లం యాభై ఇంజన్లు ఏం చేసుకుంటాం సార్?" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

"అవేమైనా కుళ్లిపోయే సరుకా?" అన్నాడు పెద్దాయన.

"కొనడానికి మన దగ్గర ఏముంది సార్? ఇంజన్ లేకపోతే ఇక చేసేది కారు కాదు, రెండు కుర్చీల డబ్బా."

"కుర్చీలు మాత్రం దివ్యంగా ఉంటాయి" అని పెద్దాయన లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

అప్పుడే ఒక పెద్ద కార్ల కంపెనీ కబురు పంపింది. వాళ్ల ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి, షెడ్డంతా తిరిగి చూసి, కార్లని ముచ్చటగా తడిమింది. ఇంజన్లు వాళ్లే కొనిపెడతారట. ఏడాదికి రెండు వందల కార్లు చేయిస్తారట. పేరు మారదట. ఒక్క షరతు మాత్రం ఉంది. తలుపులు బయట మిషన్ల మీద చేయించి తెస్తారు, ఒక్క రోజులో బిగించేయాలి.

"సోమవారం మళ్లీ వస్తాను. ఆలోచించి చెప్పండి" అని ఆమె వెళ్లింది. మేనేజరుకి నెత్తిన పాలు పోసినట్టయింది.

"బయట చేసిన తలుపులా!" అని పెద్దాయన పెదవి విరిచాడు. "రేపు స్టీరింగ్ కూడా దండగంటారు."

మేనేజరుకి ఒళ్లు మండిపోయింది. పదకొండు మంది పొట్టలు ఒక ముసలాయన చెవి మీద వేలాడటమేమిటి? ఆ చెవి పస ఎంతో తేల్చేద్దామనుకున్నాడు. మర్నాడు మేస్త్రి భోజనానికి వెళ్లిన సమయం చూసి, ఖాళీ బిస్కట్ డబ్బాలో గుప్పెడు నట్లు పోసి, కారు తలుపు లోపలి అరలో పెట్టాడు. వెళ్లి పెద్దాయనని పిలుచుకొచ్చాడు.

"మేస్త్రిగారు భోజనానికి వెళ్లారు సార్. నేను వేస్తాను, వినండి."

పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మేనేజరు తలుపుని ఉన్న బలమంతా పెట్టి వేశాడు. డబ్బా గలగలా మోగింది. అవతల రేకు కొడుతున్నవాళ్లు సుత్తులాపి, ఏం కూలిందో అని తొంగిచూశారు.

పెద్దాయన ముఖం ప్రశాంతంగా ఉంది. "ఆఁ, నిన్నటికంటే మెరుగు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఊహూఁ. మళ్లీ" అన్నాడు.

మేనేజరు మెల్లగా ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. "సార్, మీ గదికి నిప్పంటుకుంది."

పెద్దాయన కళ్లు మూసుకుని అలాగే వింటూ నిలబడ్డాడు.

కళ్లు తెరిచాక ఆయనకి ముందు కనిపించినవి పనివాళ్ల తెరుచుకున్న నోళ్లు. తర్వాత తలుపు అరలో బిస్కట్ డబ్బా. మేనేజరు చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్లి, తలుపు వేశాడు. మొదటిసారి ఒక తలుపుని వినకుండా వదిలేశాడు.

"ఎన్నేళ్లయింది సార్?" అని మేనేజరు ఎదురుగా నిలబడి అడిగాడు.

"నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడితే చెవులు ఊరుకుంటాయా? నువ్విలా ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తాను. తలుపు చప్పుడు విని తొమ్మిదేళ్లయింది."

"మరి రోజూ ఆ ఊహూఁ ఏమిటి?"

పెద్దాయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. భోజనం ముగించి వచ్చిన మేస్త్రి తన మూలలో కూర్చుని అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఆరేళ్ల కింద ఆయనకి మాయదారి జ్వరమొకటి వచ్చింది. మంచం దిగాడు గానీ చేతులు మొరాయించాయి. రెండు రోజుల పనికి మూడు వారాలు పట్టేది. తన వల్ల పని ఆగిపోతోందని తెలిసిందా, ఆ సాయంత్రమే పనిముట్లు మూటగట్టుకుని వెళ్లిపోతాడు. మహా రోషగాడు. వెళ్లి ఏం చేస్తాడు? గోడల వంక చూస్తూ కూర్చుంటాడు. అందుకే నేను కుదర్లేదంటాను. ఆలస్యం నా నెత్తిన పడుతుంది, ఆయన తీరిగ్గా చేసుకుంటాడు."

"అందరూ మిమ్మల్ని పిచ్చాయన అంటున్నారు కదా సార్!"

"అననీ. నాకేం ఊడింది?"

"మరి పళ్ల డాక్టరు తలుపో? మీ ఫ్రిజ్ తలుపో?"

"నీకేమైనా బుర్రుందా? ఒక్క షెడ్డులోనే పిచ్చంటే ఎవడు నమ్ముతాడు? పిచ్చి అన్నాక ఇంటా బయటా ఒకేలా ఉండాలి."

ఆ డబ్బా పెట్టిన చేతిని చూసుకుంటే మేనేజరుకి సిగ్గేసింది. నాలుగేళ్లుగా తను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

సోమవారం ఆఫీసరమ్మ కాగితాలతో వచ్చింది. మేస్త్రి అప్పుడే ఒక తలుపు బిగించి ఉన్నాడు. ఆమే దాన్ని తీసి, వేసి చూసింది. మెత్తగా మూసుకుంది.

"బ్రహ్మాండంగా ఉంది కదా! దీనికి ఐదు వారాలా?"

పెద్దాయన తల వంచి కళ్లు మూసుకున్నాడు. "ఊహూఁ."

ఆమె మేనేజరు వైపు తిరిగింది. "వ్యాపారం తెలిసినవారు మీరు. మీరు చెప్పండి. ఇందులో లోపమేముంది?"

షెడ్డంతా మేనేజరు వైపు చూసింది. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. ఒక్క మాట చాలు, యాభై ఇంజన్లు వస్తాయి. ఆ మాటతోనే మేస్త్రి వెళ్లిపోతాడు. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంకోసారి వెయ్యండి మేడమ్."

ఆమె వేసింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ వినపడలేదు.

"కింది బందు దగ్గర చిన్న సణుగుడుంది మేడమ్. ఇంకో మూడు వారాల పని."

ఆఫీసరమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "ఈ జబ్బు అంటుకుంటుందని నాకెవరూ చెప్పలేదు" అని కాగితాలు సర్దుకుంది. "ఇలా అయితే ఏడాదిలో మూతపడుతుంది, మీ ఇష్టం."

"మూతపడితే తాళం మేమే వేసుకుంటాం తల్లీ" అన్నాడు పెద్దాయన. "తలుపులు మాత్రం ఇక్కడే చేస్తాం."

ఆమె కారు గేటు దాటాక మేనేజరు తన బల్ల దగ్గరికి వెళ్లాడు. వీరత్వం చూపించినంత సేపు పట్టలేదు, అది దిగిపోవడానికి. కుర్చీలో కూలబడి, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ల జాబితా ముందు వేసుకున్నాడు. నలభై తొమ్మిది పేర్లు. ఇంత కాలం తిట్ల జాబితాలా కనిపించిన ఆ కాగితాన్ని మొదటిసారి ఇంకో కంటితో చూశాడు. వెంటనే పళ్ల డాక్టరుకి ఫోన్ కలిపాడు.

"మీ కారుకి ఇంజన్ మీరే ముందుగా కొనుక్కోవాలి సార్."

"కారు లేకుండా ఇంజనా? ఎప్పుడొస్తుంది?"

"నెల లోపల."

"ఇంజన్‌కి తలుపులుండవు కదా?"

"ఉండవు సార్."

"అయితే ఇప్పుడే రాసుకోండి! ఈ జన్మలో మీ దగ్గర్నుంచి ఏదో ఒకటి ఇంటికొస్తే అంతే చాలు."

మూడు రోజుల్లో నలభై తొమ్మిది మందీ ఒప్పుకున్నారు. తలుపు కుదరలేదని ఒక వ్యాపారి తన పని ఆపుకోవడం వాళ్లకి ఇంకెక్కడా కనబడలేదట. ఇద్దరైతే ఇంజన్ తమ ఇంటి ముందు గదిలో పెట్టుకుంటామన్నారు. యాభయ్యో పేరు దగ్గర కథ అడ్డం తిరిగింది. ఎవరూ దొరకలేదు. సంగతి తెలిసి పెద్దాయన భార్య షెడ్డుకి వచ్చింది.

"నా పేరు రాసుకో బాబూ. ఇన్నేళ్లుగా ఆ తలుపుల గోలంతా పడ్డాను. ఒక్క కారైనా నాకు రావద్దూ?"

ఇంజన్లు లారీల్లో దిగిన రోజున షెడ్డులో కాలు పెట్టడానికి చోటు లేదు. మేనేజరూ మేస్త్రీ కలిసి వాటి మీద పరదాలు కప్పుతున్నారు. మేస్త్రి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బాబూ, ఆ బిస్కట్ డబ్బా మోత నాకు భోజనాల దగ్గరికి వినిపించింది."

"అది మేస్త్రిగారూ..."

"అయ్యకి వినపడదని నాకెప్పుడో తెలుసు. షెడ్డులో ఎవరూ బయట అనరు, నువ్వూ అనకు. జ్వరం తగ్గిన రెండో ఏటికే నా చేతులు సర్దుకున్నాయి. ఇప్పుడు రెండు రోజుల పని రెండు రోజుల్లో అయిపోతుంది."

"మరి ఐదు వారాలు ఎందుకు?"

"ఆయన వినలేనప్పుడు ఇంకెవరో ఒకరు వినాలి కదా. ఆయన అటు వెళ్లాక కూర్చుని వంద సార్లు వేసి వింటాను. పైగా గబగబా చేసిచ్చేస్తే ఆయన ఊహూఁ అనడానికి ఏం మిగులుతుంది? అది లేకపోతే ఆ మనిషి డీలా పడిపోతాడు. ఇంట్లో పిల్లలు మానెయ్యమని పోరుతున్నారు. నేను మానేస్తే, కొత్తగా వచ్చినవాడు వారం తిరక్కుండా ఆయన గుట్టు పట్టేస్తాడు. ఎలా వెళ్లను చెప్పు?"

మేనేజరు చేతిలోని పరదా కప్పేశాడు. కాసేపటికి పెద్దాయన గదిలోకి వెళ్లాడు.

"ఏమంటున్నాడు మేస్త్రి?" అని పెద్దాయన ఆత్రంగా అడిగాడు. "యాభై ఇంజన్లు చూసి బెదిరిపోలేదు కదా?"

మేనేజరు ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా స్పష్టంగా పలికాడు. "ఒక్కో కారుకి ఇంకో వారం ఎక్కువ పడుతుందేమో అంటున్నారు సార్."

"పట్టనీ. తొందరపెట్టకు పాపం. నేనున్నానని చెప్పు."

మేనేజరు షెడ్డులోకి వెళ్లి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా మేస్త్రికి అప్పజెప్పాడు. మేస్త్రి అద్దాల పైనుంచి పెద్దాయన గది వైపు చూసి, అదే మాట తిరిగి పంపించాడు.