తీగ ఊడలేదని చెప్పిన నంబర్లక్క

మా ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెను అందరం నంబర్లక్క అనేవాళ్లం. రోగుల ఫైళ్లన్నీ పక్కగదిలోని పెద్ద కంప్యూటర్లో ఉండేవి. పొద్దున్నే ఆ ఫోల్డరును మా కంప్యూటర్లకు తగిలించడం అక్క పని. దాన్నే మౌంట్ చేయడం అనేది. తగలకపోతే తెర మీద ఒక నంబరు పడేది. చూడగానే మేం కంగారుగా అక్కను కేకేసేవాళ్లం. అక్క మాత్రం నాడి చూసే వైద్యుడిలా కళ్లజోడు సర్దుకుని, "ఆగండర్రా, అదేమంటోందో ముందు విననివ్వండి" అనేది. ఇప్పటి తెరలు 'ఏదో పొరపాటు జరిగింది' అని చేతులు దులుపుకుంటాయి. అలాంటప్పుడల్లా ఆ గదీ, గరగరలాడే ఫ్యానూ, అక్కా గుర్తొస్తారు.

ఒక సోమవారం ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. సూపరింటెండెంటు వస్తూనే ఊడ్చే పెద్దమ్మ మీద పడ్డాడు. మా దగ్గర ఏది పాడైనా ముందు చీపురు పట్టిన చేతినే అనుమానించేవారు.

"ఊడుస్తూ కంప్యూటరు తీగ లాగేసుంటావు. రేపట్నుంచి రాకు."

"నేనా మూలకే పోలేదు బాబూ!"

కాంట్రాక్టు మనిషి. తీసెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు, నోటిమాట చాలు. మేమంతా తలలు దించుకున్నాం. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అక్క లేచింది. "సార్, తీగ ఊడితే నూట పదమూడు పడుతుంది. ఇప్పుడు తెర మీద పడింది నూట పదకొండు."

"ఏదైతేనేం, రెండూ తప్పులేగా?"

"నూట పదమూడంటే దారే లేదని. నూట పదకొండంటే గుమ్మందాకా వెళ్లాం, పొమ్మన్నారని. పొమ్మన్న మాట వచ్చిందంటే తీగ బాగున్నట్టే కదా! ఫైళ్లిచ్చే ప్రోగ్రామే నడవట్లేదు. పెద్ద కంప్యూటరును ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఆ ప్రోగ్రామును మాత్రం మనమే మొదలుపెట్టాలి. శనివారం ఎవరైనా ఆపారా సార్?"

ఆయన గొంతు తగ్గింది. "వేడెక్కిందని... నేనే ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశా."

అక్క పక్కగదికెళ్లి ఒక్క కమాండ్ కొట్టింది. ఫైళ్లు వచ్చేశాయి.

"సరే సరే, పనులు చూసుకోండి. నువ్వూ వెళ్లి ఊడ్చుకో" అన్నాడాయన. క్షమాపణ ఊసే లేదు.

మధ్యాహ్నం పెద్దమ్మ అక్క దగ్గరకొచ్చింది. "ఆ నంబర్లు నాకూ చెప్పు తల్లీ."

"ఎందుకు పెద్దమ్మా, నేను లేనూ?"

"నువ్వు సెలవు పెట్టిన రోజు నా మాటెవడు నమ్ముతాడు?"

అక్క తన కుర్చీ ఖాళీ చేసి, ఆమెను తెర ముందు కూచోబెట్టింది.