సంపతన్న పెట్టిన వంకలు

మా సంపతన్న బొగ్గు లారీ తోలుతడు. అడవి రోడ్డు మీద ఎంత లోడున్నా ఆయనకు లెక్క లేదు. ఇంట్ల ఒక్క మాట చెప్పాల్నంటే మాత్రం చెమటలు పడ్తయి.

గా లారీకి రెండో డ్రైవర్ రాంబాబు. చండ్రుగొండాయన. వాళ్లిద్దరూ ప్రేమించుకుంటున్నరని మా కారేపల్లిల నాకొక్కనికే ఎరుక. ఓసారి భయపెడ్దామని క్యాబిన్ డోర్ దభేల్న గుంజిన. లోపల ఇద్దర్నీ చూసి భయపడ్డది నేనే. "ఎవ్వలికన్న చెప్తే తంత" అన్నడు అన్న. ఏండ్లాయె. నా అసొంటోని కడుపుల గంత మాట దాగిందంటే నాకు దండెయ్యాలె.

ఇగ అసలు లొల్లి. అన్న వాళ్లమ్మ, మా పెద్దమ్మ నాంచారమ్మకు రాంబాబంటే పానం. కోడికూర వండితే ముక్కలన్నీ ఆయన పళ్లెంలనే. వీళ్లిద్దరూ ఒకల్నొకలు ఇడిసి ఉండరు, బిడ్డ లిఖితనిచ్చి చేస్తే రాంబాబు ఇంటి మనిషైతడు అనుకున్నదామె. ఆదివారం ఆయన్ని కూసోబెట్టి ఎండుకొబ్బరి కుడుకలు, చక్కెర ముందట పెట్టింది. మా దిక్కు కుడుకల చక్కెర పోసి చేతుల పెడితే సంబంధం ఖాయమైనట్టే.

రాంబాబు అన్న దిక్కు చూసిండు.

"వద్దమ్మా" అన్నడు అన్న.

"ఎందుకురా?"

గిప్పుడన్న చెప్పు అన్నా, అని నేను లోపల్లోపల మొక్కుతున్న.

"వాడు... తాగుతడే."

"మీ నాయిన తాగడా? నేను కాపురం చెయ్యట్లేదా?"

"కోపమెక్కువ."

"గీయనకా? మొన్న మన కోడికాలు తొక్కి దానికే సారీ చెప్పిండు."

"వాని మీద నాకు నమ్మకం లేదే!"

రాంబాబు లేచిండు. "పోతున్నమ్మా" అని చెప్పులేసుకొని బయటపడ్డడు.

"బంగారమసొంటి పిల్లగాణ్ణి ఎల్లగొడితివి! నీకేం అడ్డమచ్చిండురా?"

అన్న గోడ దిక్కు తిరిగిండు. "నాకు కావాలె వాడు. మా ఇద్దరిది ప్రేమనే అమ్మా."

పెద్దమ్మ కుడుకలు మళ్ల కవర్ల ఏసింది. "లిఖితా, తలుపెయ్యి. గీ మాట బయటికి పోవద్దు."

"బయటనే చెప్పాలె చెల్లె, రాంబాబు బయట ఉన్నడు" అన్న నేను. లిఖిత తలుపు బార్లా తీసింది. "పో అన్నా, జల్దీ పో!"

అన్న ఉత్తకాళ్లతోని ఉరికిండు. ఎనక నేను. సెంటర్ల రాంబాబు ఆటో ఎక్కుతున్నడు. అన్న ఆయన చెయ్యి పట్టుకున్నడు. అంతే, భద్రు చాయ్ హోటల్ కాడ కూసున్నోళ్లు మొత్తం ఇటు తిరిగిండ్రు.

అన్న చెయ్యి ఇడిసిండు. "రేపు... డ్యూటీకి వస్తవా?"

"నమ్మకమున్నోణ్ణి తెచ్చుకో" అన్నడు రాంబాబు. ఆటో పోయింది.

"ఇంట్ల చెప్పినగదరా!" అని నా మీద ఎగిరిండు అన్న, కండ్లల్ల నీళ్లతోని.

"నువ్వు చెప్పినప్పుడు ఆయన లేడు అన్నా" అన్న నేను.

నాకు గూడ మస్తు మండింది. గా చాయ్ తాగేటోళ్ల దిక్కు తిరిగి, "ఏంది? చూసుడైందా?" అని ఒర్రిన.