గోదా కింద గట్టినేల

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను లక్సెట్టిపేటలో బడిపంతుల్ని. ఏటా ఎండాకాలం జాతరకు మా ఊరి సంఘం కుస్తీ పోటీలు పెట్టేది. సరిహద్దు అవతలి చాందా వైపు నుంచి కూడా జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. సంఘంలో అందరిదీ జీతం లేని చాకిరీయే.

ఒక ఏడు కొత్త కార్యవర్గం వచ్చింది, నన్ను కార్యదర్శిని చేశారు. ఉత్సాహం పట్టలేక అన్నీ మార్చేశాను. ముప్ఫై ఏళ్లుగా కుస్తీ గోదా చూసుకుంటున్న మల్లయ్య ఉస్తాద్‌ను "ఇక విశ్రాంతి తీసుకోండి" అని పక్కనపెట్టి, పనులన్నీ కాగితం మీద పంచాను. గోదాలో ఎర్రమన్ను పోయించడం కూడా మరవకుండా రాశాను.

మొదటి పట్టులోనే చాందా పహిల్వాన్ మా ఊరి పోశంను ఎత్తి కుదేశాడు. బండమీద పడ్డట్టు చప్పుడైంది. పోశం లేవలేదు. ఎడమ చెవిలోంచి నెత్తురు కారుతోంది.

జనంలోంచి మల్లయ్య ఉరికొచ్చి, పోశం తలను ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో మన్ను గీకాడు. బెత్తెడు కిందే గట్టినేల తగిలింది.

"పైన మన్ను వోసిండ్రు గని కింద తవ్వలే! నేను ఏటా వారం దినాలు మోకాలిలోతు తవ్వి మెత్తగ జేస్తుంటి."

"మాకెవరూ చెప్పలేదు ఉస్తాద్" అన్నాను.

"చెప్పెటోన్ని మీరే ఇంట్ల కూసోమంటిరి గద సారూ!"

పోశం బతికాడు. ఇప్పటికీ బజారులో నేను పలకరిస్తే, వినపడే కుడిచెవి నావైపు తిప్పి, "ఏంది సారూ?" అని నవ్వుతాడు. ఆ నవ్వు ముందు నిలబడలేక తలవంచుకుంటాను.