మెట్రో స్టేషనంత అల

పాతికేళ్లుగా అమీర్‌పేటలో సముద్రానికి ఏకైక ప్రతినిధిని నేనే. కంప్యూటర్ కోర్సు కోసం ఒక సూట్‌కేసుతో కోస్తా నుంచి దిగి, కోర్సు సగంలో వదిలేసి, పంజగుట్టలో ఉద్యోగం వెతుక్కుని ఇక్కడే పాతుకుపోయినవాణ్ని. ఈ పేటలో గోడ కనిపించకుండా బోర్డులుంటాయి, బోర్డు కనిపించకుండా ఇంకో బోర్డుంటుంది. నీళ్లంటే ట్యాంకరే. ఇలాంటి చోట సముద్రం పక్కన పుట్టడం కూడా ఒక డిగ్రీయే. కోచింగు అక్కర్లేని డిగ్రీ.

ఆ డిగ్రీని నేను రోజూ సాయంత్రం మా మేడ కింద జిరాక్స్ షాపులో ప్రదర్శించేవాణ్ని. షాపాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నా టీ మిత్రుడు. వాళ్లమ్మ స్టూలు మీద కూర్చుని నోట్సు కాగితాలు సర్దుతూ వినేది. మా ఊరి అల మొదట్లో పంజగుట్ట ఫ్లైఓవరంత ఉండేది. మెట్రో స్టేషను కట్టాక అదీ పెరిగింది, ఎస్కలేటరుతో సహా. ఒకసారి అది ఒక ఎద్దుల బండిని, ఎద్దులతో, తోలేవాడితో, వాడి చేతిలో బీడీతో మింగేసి, సాయంత్రానికి బీడీ ఒక్కటే తిరిగిచ్చింది. ఇంకా వెలుగుతూనే ఉంది. "పెద్దమ్మా, అది పిల్లి లాంటిదండీ. నిద్రపోతున్నట్టు పడుకుంటుంది. మనిషి దగ్గరికెళ్లగానే లేస్తుంది" అనేవాణ్ని. ఆవిడ కాగితాలు వదిలేసి, "అవునా బిడ్డా!" అని నోరు తెరిచేది. అంత మంచి శ్రోత నాకు ఇంట్లో కూడా దొరకలేదు.

ఈ ఏడు ఆవిడ ఆజ్ఞ జారీ చేసింది: మోకాళ్లు మాట వింటుండగానే సముద్రపు గంగమ్మకు ఒడిబియ్యం పోయాలి. కన్నకూతురికి పోసినట్టు పసుపు బియ్యం, రవికె గుడ్డ, గాజులు, తన చేత్తోనే. "అన్న, మీ ఊరికే పోదాం. అమ్మకు మస్తు కోరిక. నువ్వు సుత రావాలె" అన్నాడు మిత్రుడు. నేను ఎండలన్నాను, సెలవు లేదన్నాను, ఆకాశంలో లేని తుఫానును కూడా పిలిచాను. అయినా శనివారం పొద్దున మా ముగ్గురినీ ఒక వ్యాను అక్కడ దింపింది.

ఇప్పుడు నిజం రాయక తప్పదు. మా ఊరి సముద్రమంత మెత్తని సముద్రం ఇంకెక్కడా లేదు. ఎదురుగా ఉన్న ఇసుక మేట అలలన్నిటినీ బయటే నిలబెట్టేస్తుంది. లోపలికి వచ్చేది అల కాదు, అల పంపిన విజిటింగు కార్డు. అది చాలదన్నట్టు ఊరి పెద్దలు కమిటీ వేసి దాన్ని 'ఫ్యామిలీ బీచ్' చేశారు. సిమెంటు బెంచీలు, ప్రతి బెంచీ మీదా దాత పేరు, దాత తండ్రి పేరు. సిమెంటు డాల్ఫిన్ ఒకటి, ముఖం చూస్తే గేదె. మోకాలి లోతులో తాడు కట్టి, దానికి కాపలాగా ఈలతో ఒకాయన. జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు ఇసుక మీద రుమాళ్లు వేసి, సముద్రం ఒడ్డును కూడా రిజర్వు చేసుకున్నారు. ఒక కుటుంబం దద్దోజనం తిని, చేతులు కడుక్కోవడానికి సీసా నీళ్లు తీసింది. ఎదురుగా మహాసముద్రం, వీళ్లకు సీసా!

మిత్రుడు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అన్న, గిదేనా?"

"ఇదే."

"మెట్రో స్టేషన్ ఏడుందే? మా హుస్సేన్ సాగర్ సుత గింతకంటే ఎక్కువ ఊగుతది గదా."

పరువు పోతుంటే నోరు ఊరుకోదు. "ఇప్పుడు పడుకుందిలే" అనేశాను.

ఆ మాట పెద్దమ్మ చెవిలో పడింది. సంచీ గుండెకు హత్తుకుని ఉన్నచోటే ఆగిపోయింది. "నేను దిగ బిడ్డా. ఎంత నిమ్మళంగ ఉందో సూడు. ఇగ లేస్తది."

"అమ్మా, నేను పోసొస్తా, ఇయ్యి" అన్నాడు కొడుకు.

"నువ్వు పోస్తే నువ్వు పోసినట్టయితది. మల్లెప్పుడన్న సూద్దాంలే." ఆవిడ వ్యాను వైపు తిరిగింది. ఆ 'మల్లెప్పుడన్న' లేదని ఆవిడ మోకాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. పసుపు అంటిన సంచీ అలాగే వెనక్కి వెళ్తోంది. దాన్ని ఆపగలిగింది నేనొక్కణ్నే, అదీ నా డిగ్రీ పట్టా చింపుకుంటేనే.

"పెద్దమ్మా, ఆగండి. నేను చెప్పినవన్నీ అబద్ధాలండీ."

"ఏవి?"

"అన్నీ."

"ఎద్దుల బండి?"

"అబద్ధం."

"బీడీ?"

ఆ బీడీ మీద నేను ఎన్నేళ్లు పనిచేశానో ఆ తల్లికేం తెలుసు! "బీడీ కూడా" అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నన్ను నీళ్లల్ల దింపుతందుకు గిప్పుడు అబద్ధమాడుతున్నవ్. గంత సక్కగ చెప్పినయి అబద్ధాలెట్లయితయి?"

జీవితంలో ఒక్కసారి నిజం చెబితే దక్కిన మర్యాద ఇది. ఇక మిగిలింది ఒక్కటే దారి. నాకు ఈత రాదు. పుట్టి బుద్ధెరిగాక ఆ నీళ్లలో పాదం దాటి దిగలేదు. అలాంటివాణ్ని ఆఫీసు ప్యాంటుతో, అన్ని రుమాళ్ల కుటుంబాల ఎదుట, గబగబా పదడుగులు లోపలికి నడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. సముద్రం తన శక్తినంతా కూడదీసుకుని నా చొక్కా కింది గుండీ దాకా వచ్చింది. నాకంటే లోపల ఒకావిడ నిలబడి ఫోనులో పనిమనిషిని తిడుతోంది. కాపలాయన ఈల ఊదాడు: "బాబూ! కూర్చోడానికి బెంచీలున్నాయండి!"

వెనక నుంచి నవ్వు వినిపించింది. పెద్దమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, చీర కొంచెం ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ వస్తోంది. నా పక్కన వంగి, దోసిలితో బియ్యం పోసింది. రవికె గుడ్డ విడిచింది, గాజులు విడిచింది. "సల్లగుండు బిడ్డా" అంది. ఆ బిడ్డ నేను కాదు. అంతలో ఒక అల, అంటే ఒక విజిటింగు కార్డు, ఆవిడ పిక్కను తాకింది. కెవ్వున అరిచి నా కాలరు పట్టుకుంది. ఒడ్డెక్కేదాకా వదల్లేదు.

సోమవారం సాయంత్రం షాపుకి వెళ్లడానికి మొహం చెల్లలేదు గానీ టీ కోసం వెళ్లాను. మిత్రుడు ఈపాటికి నా బండారం యూసుఫ్‌గూడ దాకా చాటేసి ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే స్టూలు చుట్టూ హాస్టలు పిల్లలు నలుగురు, మధ్యలో పెద్దమ్మ.

"పండుకున్నట్టే ఉంటది, నమ్మొద్దు. లేసింది సూడు! గీ సారు కొట్టుకపోతుండు. కాలర్ వట్టి గుంజిన. నేను గుంజకపోతే ఇంకేముంది, వట్టి బీడీ దొరుకుతుండె!"

ఇంత పచ్చి అతిశయోక్తి నేను వినలేదు. మనిషన్నాక దేనికైనా ఒక హద్దుండాలి. నా బీడీని కూడా వాడేసుకుంది! మిత్రుడు జిరాక్స్ మిషను వెనకాల మొహం దాచుకున్నాడు.

"ఎంత ఎత్తు లేచింది ఆంటీ?" అడిగాడు ఒకడు.

"మన మెట్రో స్టేషనంత!"

నలుగురూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ కూడా తిరిగింది, పాతికేళ్లుగా నేను చూసిన అదే మొహంతో, నోరు కొంచెం తెరిచి.

"ఎస్కలేటరుతో సహా" అన్నాను.